ఇంటి ఒవెన్‌లో పిజ్జా: బేస్ అట్టముక్కలా ఎందుకవుతుంది, ఏం మార్చాలి

మీరు చెప్పింది ఇదీ: మైదా, ఈస్ట్ కలిపి పిండి ఇంట్లోనే చేస్తున్నారు. 200 డిగ్రీల దగ్గర పాతిక నిమిషాలు కాలుస్తున్నారు. అంచు అట్టముక్కలా గట్టిపడుతోంది, అడుగు తెల్లగానే ఉంటోంది, మధ్యలో సాస్ కింద పచ్చిపిండి తగులుతోంది. ఒవెన్ 250 దాటదు. ఇవి మూడు వేరువేరు లోపాల్లా కనిపిస్తాయి గానీ ప్రధాన కారణం ఒక్కటే. అడుగు నుంచి అందే వేడి చాలక, పిజ్జా లోపల ఉండాల్సినదానికంటే చాలా ఎక్కువసేపు ఉంటోంది.

పిండి ఎర్రబడేలోపే దానిలోని నీళ్లన్నీ ఆవిరైపోతే మిగిలేది బిస్కెట్టే. 200 డిగ్రీల్లో రంగు రావడానికి 20 నిమిషాల పైనే పడుతుంది, ఆపాటికి అంచులో తేమ ఉండదు. అంటే గట్టిపడేది ఎక్కువ వేడికి కాదు, ఎక్కువసేపు ఉంచినందుకు. మాడుతుందేమోనని చాలామంది వేడి ఇంకా తగ్గిస్తారు, దాంతో బేస్ ఇంకా గట్టిపడుతుంది. ముందు ఈ భయం పోవాలి. పిజ్జాకి ఒవెన్ ముల్లు ఎప్పుడూ చివరి అంకె మీదే ఉండాలి.

పోల్చి చూసుకోవడానికి: నేపుల్స్ పద్ధతిని కాపాడేందుకు 1984లో అక్కడ ఏర్పడిన సంఘం నియమాల ప్రకారం పిజ్జా కట్టెల పొయ్యిలో 430 డిగ్రీల పైన వేడిలో, 60 నుంచి 90 సెకన్లలో కాలిపోవాలి. ఆ పిండిలో మైదా, నీళ్లు, ఉప్పు, ఈస్ట్ తప్ప ఇంకేమీ ఉండవు. ఆ కొలతల్ని తెచ్చి 250 డిగ్రీల ఒవెన్‌లో పెడితే రంగు రాదు, ఎండిపోతుంది. మనకు సరిపడేది న్యూయార్క్ తరహా పిండి. అందులో కొంచెం నూనె, కొంచెం పంచదార ఉంటాయి. పంచదార తక్కువ వేడిలోనూ రంగు తెస్తుంది, నూనె బేస్‌ని మెత్తగా ఉంచుతుంది.

ముందు వేడి సంగతి

అడుగు తెల్లగా ఉండడానికి కారణం మీ ట్రే. చల్లటి పల్చటి ట్రేలో పిండి పరిచి లోపల పెడితే, ఆ ట్రే వేడెక్కడానికే చాలా నిమిషాలు పోతాయి. ఈలోగా పైన చీజ్ కరిగిపోయి, సాస్ నీళ్లు పిండిలోకి దిగుతాయి. పిండి లోపలికి వెళ్లిన క్షణంలోనే అడుగున మండిపోయే వేడి తగలాలి. అలా తగిలితే పిండిలోని నీరు ఒక్కసారిగా ఆవిరై అంచుని పైకి లేపుతుంది. ఆ పొంగు మొదటి రెండు నిమిషాల్లో రాకపోతే ఇక రాదు.

దీనికి ఉన్నవాటిలో ఉత్తమం 6 నుంచి 10 మిల్లీమీటర్ల మందం ఉన్న ఉక్కు పలక, పిజ్జా స్టీల్ అంటారు. రెండోది పిజ్జా రాయి. రెండూ ఒకే వేడిలో ఉన్నా ఉక్కు తనలోని వేడిని పిండికి చాలా వేగంగా అందిస్తుంది. అందుకే 250 దగ్గర ఆగిపోయే ఒవెన్‌కి రాయి కంటే ఉక్కే నయం. కాకపోతే బరువు చూసుకోండి. 35 సెంటీమీటర్ల చదరపు పలక 6 మిల్లీమీటర్ల మందంలోనే దాదాపు 6 కిలోలు తూగుతుంది, చిన్న ఒవెన్ల కడ్డీల అర అంత బరువు మోయలేకపోవచ్చు. రాయి వాడితే దాన్ని చల్లటి ఒవెన్‌లోనే పెట్టి ఒవెన్‌తో పాటు వేడెక్కనివ్వాలి. వేడి రాయి మీద చల్లటి నీళ్లు పడితే పగులుతుంది. సబ్బుతో కడగకూడదు, పీల్చుకుంటుంది.

రెండూ లేకపోతే ఒవెన్‌తో వచ్చిన ట్రేల్లో బరువైనదాన్ని బోర్లించి వాడండి. రాయి అంత బాగా పనిచేయదు గానీ, చల్లటి ట్రేలో కాల్చడం కంటే ఎంతో మేలు.

పలకని పై నుంచి రెండో అరలో, పై రాడ్‌కి జానెడు కంటే కాస్త తక్కువ దూరంలో పెట్టండి. ఒవెన్‌ని గరిష్ఠ వేడిలో 45 నిమిషాల నుంచి గంట వరకు వేడెక్కనివ్వండి. ఒవెన్ లైటు 15 నిమిషాల్లోనే ఆరిపోతుంది, కానీ అది లోపలి గాలి వేడెక్కిందని చెప్పేదే. పలక మధ్యదాకా వేడెక్కిందని కాదు. ఈ ఒక్క తొందరపాటు వల్లే స్టీల్ కొన్నవాళ్లు కూడా తెల్లటి అడుగుతో కూర్చుంటారు.

పిండి

కప్పులతో కొలవొద్దు. ఒక కప్పు మైదా వదులుగా పోస్తే ఒక తూకం, అదిమి పోస్తే ఇంకో తూకం, తేడా 30 గ్రాముల దాకా రావచ్చు. గ్రాముల తూకం ఉంటేనే ఈసారి బాగా వచ్చింది వచ్చేసారి కూడా వస్తుంది.

11 అంగుళాల పిజ్జాలు మూడింటికి:

మైదా 500 గ్రాములు
నీళ్లు 315 గ్రాములు (అలవాటయ్యాక 325)
ఉప్పు 12 గ్రాములు
పంచదార 7 గ్రాములు
నూనె 10 గ్రాములు
ఇన్‌స్టంట్ ఈస్ట్ 1.5 గ్రాములు, అంటే అర టీస్పూను

ఈ ఈస్ట్ కొలత ఫ్రిజ్‌లో ఒకటి రెండు రోజులు ఉంచే పిండికి. అదే రోజు చేయాలంటే ఈస్ట్ 4 గ్రాములు వేసుకోవచ్చు, రుచి మాత్రం కాస్త చప్పగా ఉంటుంది. తాజా ఈస్ట్ అయితే ఇన్‌స్టంట్‌కి మూడు రెట్లు తూకం. యాక్టివ్ డ్రై రకమైతే గోరువెచ్చటి నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, నురుగు వచ్చాక కలపాలి. నీళ్లు చేతికి చురుక్కుమంటే చల్లారనివ్వండి, 55 డిగ్రీలు దాటితే ఈస్ట్ చచ్చిపోతుంది.

మైదా ప్యాకెట్ వెనుక 100 గ్రాములకు ప్రోటీన్ ఎంతో చూడండి. 11 నుంచి 13 మధ్య ఉంటే దిగుల్లేదు. 9, 10 ఉన్న మైదా కేకులకి బాగుంటుంది గానీ, పిజ్జాకి లాగితే చిరుగుతుంది, ఎక్కువ నీళ్లు పట్టదు. అలాంటి మైదాయే ఉంటే రెండు దారులున్నాయి: నీళ్లు 295కి తగ్గించడం, లేదా 500 గ్రాముల్లో 10 గ్రాములు తీసేసి ఆ మేరకు గ్లూటెన్ (పిండిని సాగేలా చేసే గోధుమ ప్రోటీన్) పొడి కలపడం. ఆ పొడిలో ముప్పాతిక వంతు ప్రోటీనే కాబట్టి, 10 శాతం ఉన్న మైదా 11 దాటుతుంది. గోధుమపిండి కలపాలనుకుంటే పావు వంతు మించకండి, కలిపినప్పుడు నీళ్లు 15 గ్రాములు పెంచండి. దానిలోని పొట్టు నీళ్లు పీల్చుకుంటుంది, గ్లూటెన్ పోగుల్ని కూడా తెంపుతుంది.

కలిపే తీరు: మైదా, ఈస్ట్, పంచదార పొడిగా కలిపి నీళ్లన్నీ పోయండి. పొడి ఎక్కడా కనపడనంతవరకు కలిపి, మూత పెట్టి 20 నిమిషాలు వదిలేయండి. ఈ విరామంలో మైదా నీళ్లు తాగి గ్లూటెన్ దానంతటదే ఏర్పడుతుంది, తర్వాత పిసికే శ్రమ సగానికి తగ్గుతుంది. ఆ తర్వాత ఉప్పు, చివర నూనె వేసి 8 నుంచి 10 నిమిషాలు పిసకండి. నూనె మొదటే పోస్తే అది పిండిరేణువుల చుట్టూ పొరలా పట్టి నీళ్లు సరిగా పట్టనివ్వదు.

మొదట్లో చేతికి అంటుకుంటుంది. అక్కడే అందరూ గుప్పెడు పొడిపిండి చల్లేస్తారు. చల్లకండి. ఆ గుప్పెడు 40 గ్రాములుంటుంది, 63 శాతం నీళ్లున్న ముద్ద 58కి పడిపోతుంది, బేస్ గట్టిపడడానికి అదో కారణం. చేతులకి తడి అద్దుకుని, పిండిని అంచు పట్టి లాగి మధ్యకి మడుస్తూ పోండి. రెండు మూడు నిమిషాల్లో అంటుకోవడం తగ్గుతుంది. అప్పటికీ మొండికేస్తే మూతపెట్టి 10 నిమిషాలు ఆగి మళ్లీ పిసకండి.

పని అయిందో లేదో చూడడానికి నిమ్మకాయంత పిండి తీసుకుని వేళ్లతో నెమ్మదిగా నాలుగు వైపులా సాగదీసి వెలుతురుకి పట్టండి. చినగకుండా పల్చబడి అవతలి వేళ్ల నీడ కనపడితే సరిపోయింది. ముద్ద చెవితమ్మెలా మెత్తగా, పైన నున్నగా ఉండాలి.

ముద్దని గది వేడిలో గంటసేపు ఉంచి, మూడు ఉండలు చేయండి, ఒక్కోటి 280 గ్రాములొస్తుంది. అంచులన్నీ అడుక్కి మడిచి, పీట మీద అరచేతి పక్కతో దగ్గరికి లాగితే పైపొర బిగుసుకుంటుంది. ఆ బిగువు లేకపోతే ఉండ ఫ్రిజ్‌లో అట్టులా పరుచుకుపోతుంది. లోపల నూనె రాసిన డబ్బాల్లో విడివిడిగా పెట్టి మూత బిగించి ఫ్రిజ్‌లో 24 నుంచి 48 గంటలు ఉంచండి. మూడో రోజు కూడా బాగుంటుంది. మూత సరిగా లేకపోతే పైన పక్కు కడుతుంది, సాగదీసేటప్పుడు ఆ పక్కు దగ్గరే చిరుగుతుంది.

ఈ నిరీక్షణ ఊరికే కాదు. చల్లదనంలో ఈస్ట్ నెమ్మదిస్తుంది, కానీ పిండిలోని ఎంజైములు పిండిపదార్థాన్ని చక్కెరలుగా, ప్రోటీన్‌ని చిన్న ముక్కలుగా విడగొడుతూనే ఉంటాయి. ఆ చక్కెరలే కాల్చినప్పుడు గోధుమరంగు, కమ్మటి వాసన ఇస్తాయి. ఉండ కూడా ఎదురుతిరగకుండా సాగుతుంది. అయితే ఐదారు రోజులు వదిలేస్తే చక్కెరలు ఈస్ట్ తినేస్తుంది, పిండి పుల్లబడి నీరుకారుతుంది, ఎంత కాల్చినా రంగు రాదు.

సాస్, చీజ్, పైన వేసేవి

సాస్ ఉడికించనక్కర్లేదు. డబ్బాలో వచ్చే పొట్టు తీసిన టమాటాలు 400 గ్రాములు చేత్తో చిదిమి, జల్లెడలో పది నిమిషాలు నీళ్లు ఓడ్చి, 4 గ్రాముల ఉప్పు, చెంచా నూనె కలిపితే చాలు. ఒవెన్‌లో ఎలాగూ ఉడుకుతుంది. తాజా టమాటాలైతే మరిగే నీళ్లలో నిమిషం ఉంచి తొక్క తీసి, గింజలు తీసేసి, సగానికి దగ్గరపడేదాకా ఉడికించాలి. చెంచాతో గీత గీస్తే ఆ గీతలోకి నీళ్లు ఊరకూడదు. పచ్చి వెల్లుల్లి పైన చల్లితే మాడి చేదెక్కుతుంది, సాస్‌లోనే వేయండి.

ఒక పిజ్జాకి సాస్ 70 గ్రాములు చాలు. గరిటెడు కూడా కాదు. పిండి అక్కడక్కడ కనపడుతూ ఉండాలి. మీ పిజ్జా మధ్యలో పచ్చిగా ఉండడానికి రెండో కారణం ఇక్కడే ఉందని నా అంచనా. సాస్ ఎక్కువైతే దాని నీళ్లు ఆవిరయ్యేదాకా కింది పిండి వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. సాస్‌కీ బేస్‌కీ మధ్య తెల్లటి జిగురు చారలా కనిపించేది అదే.

చీజ్ 90 నుంచి 110 గ్రాములు. గట్టిగా ఇటుకలా ఉండే, తేమ తక్కువున్న మోజరెల్లా కొని ఇంట్లో లావుగా తురుముకోండి. తురిమి అమ్మే చీజ్ ముక్కలు అతుక్కోకుండా పిండిలాంటి పొడి కలుపుతారు, అందుకే అది సరిగా కరగదు, తీగలు సాగదు. ప్రాసెస్డ్ చీజ్ కూడా వద్దు, దానిలోని లవణాలు నున్నటి ముద్దగా కరిగేలా చేస్తాయి తప్ప సాగనివ్వవు. నీళ్లలో తేలే తాజా మోజరెల్లా వాడాలని ఉంటే ముక్కలు చేసి కాగితం మీద రెండు గంటలు ఆరనివ్వండి. తురిమిన చీజ్‌ని కాల్చేదాకా ఫ్రిజ్‌లోనే ఉంచండి. చల్లగా ఉంటే బేస్ కాలేలోగా పైన మాడదు.

కూరగాయల విషయంలో చేయి బిగబట్టాలి. పుట్టగొడుగులు పచ్చివి వేస్తే చెరువవుతుంది, ముందు పెనం మీద నీళ్లు ఇంకేదాకా వేయించండి. క్యాప్సికం, ఉల్లిపాయ కాగితమంత పల్చగా తరిగితే పచ్చివే వేయొచ్చు. మాంసం ఏదైనా ముందే ఉడికి ఉండాలి, ఆరేడు నిమిషాల్లో అది లోపలిదాకా ఉడకదు. పైన వేసేవన్నీ కలిపి 80 గ్రాములు దాటకపోతే మంచిది. తులసి జాతి ఆకు బేసిల్‌ని దించాక వేస్తేనే పచ్చగా ఉంటుంది.

పరచడం, లోపలికి జార్చడం

కాల్చే రెండు గంటల ముందు ఉండల్ని ఫ్రిజ్ నుంచి తీయండి. చల్లటి పిండి రబ్బరులా వెనక్కి ముడుచుకుంటుంది, కాలినప్పుడు పెద్దపెద్ద బుడగలొస్తాయి.

అప్పడాల కర్ర ముట్టుకోకండి. రెండు రోజులు పులిసి లోపల చేరిన గాలినంతా అది ఒక్క దెబ్బలో బయటికి తోసేస్తుంది, అంచు అక్కడితో పొంగదు. పీట మీద పొడిపిండి చల్లి, ఉండని నొక్కుకుపోకుండా దించి, మధ్య నుంచి బయటికి వేళ్ల కొనలతో నొక్కుతూ రండి. చుట్టూ రెండు సెంటీమీటర్లు అంచుని ముట్టుకోవద్దు. ఏడెనిమిది అంగుళాలయ్యాక రెండు పిడికిళ్ల మీదికి తీసుకుని, తిప్పుతూ తన బరువుకి తానే సాగనివ్వండి. వెనక్కి లాగేస్తుంటే బలవంతం చేయకండి, గుడ్డ కప్పి పది నిమిషాలు ఆగితే గ్లూటెన్ సడలుతుంది. చిల్లు పడితే పక్క పిండి మీదికి లాగి నొక్కేయండి. ఆ చిల్లులోంచి సాస్ కారితే పిజ్జా పలకకి అతుక్కుపోతుంది.

చెక్కపలక మీద సన్న రవ్వ పల్చగా చల్లి పిండిని దానిమీదికి మార్చాకే సాస్, చీజ్ వేయండి, రెండు నిమిషాల్లో ముగించండి. ఆలస్యమైతే తడి దిగి పిండి చెక్కని పట్టుకుంటుంది. లోపల పెట్టేముందు చెక్కపలకని ఒకసారి ఊపి చూడండి. పిజ్జా మొత్తం ఒక్కటిగా జారితే సరే. ఒక మూల కదలకపోతే అక్కడ ఎత్తి కొంచెం రవ్వ విసరండి. కదలకుండానే ఒవెన్ తలుపు తీస్తే చీజంతా పలక మీదికి దొర్లుతుంది, ఆ మంట వాసన రోజంతా పోదు.

అలవాటయ్యేదాకా బేకింగ్ కాగితం మీద పెట్టి జార్చొచ్చు. చాలా రకాల కాగితం 220 డిగ్రీల దాకానే తట్టుకుంటుంది, కాబట్టి ప్యాకెట్ మీది అంకె చూసి, పిజ్జాకి బయట మిగిలిన కాగితం కత్తిరించేయండి. కాగితం ఉండగా గ్రిల్ వేయకండి. రెండు నిమిషాలకి బేస్ బిగుసుకున్నాక కాగితాన్ని లాగేయండి.

పిజ్జా లోపల పెట్టడానికి ఐదు నిమిషాల ముందు పై గ్రిల్ ఆన్ చేయండి. పెట్టాక మళ్లీ రెండు రాడ్ల మోడ్‌కి మార్చి, చివరి రెండు నిమిషాలు గ్రిల్ వేయండి. స్టీల్ మీద 6 నుంచి 7 నిమిషాలు, రాయి మీద 8 నుంచి 10. సగంలో ఒకసారి తిప్పాలి, చాలా ఒవెన్లలో వెనక మూల ఎక్కువ కాలుతుంది. గడియారం కంటే అడుగుని నమ్మండి. పట్టకారుతో ఎత్తి చూస్తే చిరుతమచ్చల్లాంటి గోధుమరంగు చుక్కలు కనపడాలి. అడుగు అయ్యి పైన రంగు రాకపోతే గ్రిల్ ఇంకాస్త, పైన అయ్యి అడుగు తెల్లగా ఉంటే పలక సరిగా వేడెక్కలేదు లేదా మరీ పైకి ఉంది.

తీశాక ప్లేటులో పెట్టకండి. అడుగు నుంచి వచ్చే ఆవిరి ప్లేటుకి తగిలి నీళ్లై, కష్టపడి తెచ్చిన కరకర రెండు నిమిషాల్లో పోతుంది. కడ్డీల స్టాండ్ మీద రెండు నిమిషాలు ఉంచి కోయండి.

ఒవెన్ మరీ చిన్నదైతే

పలక పట్టని ఒవెన్, 220 దాటని ఒవెన్ ఉన్నవాళ్లకి పెనం పిజ్జా మంచి మార్గం, రాజీ అనుకోనక్కర్లేదు. 10 అంగుళాల ఇనప మూకుడులో ఒకటిన్నర టేబుల్‌స్పూన్ల నూనె పోసి, 280 గ్రాముల ఉండని అందులో పెట్టి మూత వేసి రెండు గంటలు వదిలేయండి. సగం దానంతటదే పరుచుకుంటుంది, మిగతాది వేళ్లతో అంచులదాకా నొక్కండి. సాస్, చీజ్ అంచుకంటా వేసి గరిష్ఠ వేడిలో 14 నుంచి 16 నిమిషాలు కాల్చాక, తీసి స్టవ్ మీద మధ్యస్థ మంటలో రెండు మూడు నిమిషాలు పెట్టండి. చెంచాతో పక్క ఎత్తి చూస్తే అడుగు నూనెలో వేగినట్టు ఎర్రగా ఉండాలి. మందంగా ఉంటుంది కాబట్టి ఎండిపోదు, పలక అవసరమూ లేదు. గ్రిల్ లేని, మామూలు మైక్రోవేవ్‌లో మాత్రం ఏ పిజ్జా కాలదు. అది నీళ్లని వేడిచేస్తుంది, పైపొరని ఎర్రబరచలేదు.

ఒకటి తర్వాత ఒకటి కాలుస్తుంటే, మొదటిది తీసిన వెంటనే రెండోది పెట్టకండి. మొదటి పిజ్జా పలక వేడిని లాగేసుకుని ఉంటుంది. తలుపు మూసి గరిష్ఠ వేడిలో 8 నుంచి 10 నిమిషాలు ఆగండి, ఆ సమయంలో రెండో ఉండని పరుచుకోవచ్చు. మిగిలిన ఉండని నూనె రాసి గాలి చొరని సంచిలో ఫ్రీజర్‌లో పెడితే నెలపాటు పనికొస్తుంది. వాడే ముందురోజు రాత్రి ఫ్రిజ్‌లోకి మార్చి, మర్నాడు కాల్చే మూడు గంటల ముందు బయటికి తీయండి.